పొద్దుటి ఎండలో విటమిన్ డి ఉందా? తిరుపతి ఎండ అసలు లెక్క

క్లుప్తంగా: ఎండ అని ఒకే మాట అంటాం గానీ, ఒంటి మీద పనిచేసేవి మూడు. వేడి, వెలుగు, కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు. ఈ మూడూ ఒకే వేళకు, ఒకే నెలలో ముదరవు. డాక్టరు ఎండలో తిరగమనడం, ప్రభుత్వం ఎండలోకి రావద్దనడం రెండూ సరైనవే కావడానికి కారణం ఇదే. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఈ మూడింటి లెక్క ఎలా ఉంటుందో చూద్దాం.

ఏప్రిల్, మే నెలల్లో తిరుపతివాసుల ఫోన్లకు వచ్చే మెసేజ్‌లు చూస్తే ఎవరికైనా అయోమయమే. ఒకటి విపత్తుల నిర్వహణ సంస్థది: మీ మండలంలో వడగాలులు ఉన్నాయి, మధ్యాహ్నం బయటికి రాకండి. ఇంకొకటి ల్యాబ్‌ది: మీ రిపోర్టు రెడీ. తెరిస్తే విటమిన్ డి 14, పక్కన ఎర్ర అక్షరాల్లో 'తక్కువ'. ఆ కాగితం పట్టుకుని వెళితే డాక్టరు మందు రాసి, 'ఒంటికి కాస్త ఎండ తగలనివ్వండి' అంటారు. ఏ పూట ఎండ అన్నది మాత్రం చీటీ మీద ఉండదు. ఇంట్లో పెద్దవాళ్లు లేత ఎండ మంచిదంటారు. యూట్యూబ్‌లో ఇంకొకాయన మిట్టమధ్యాహ్నం ఎండే ఎండ అంటాడు.

ఏడాది పొడుగునా ఎండ కాసే ఊళ్లో ఎండ వల్ల తయారయ్యే విటమిన్‌కే కరువు రావడం వింతగానే ఉంటుంది. కానీ ఈ వింతకు కారణాలు ఉన్నాయి. అందులో కొన్నింటిని తేల్చింది తిరుపతిలో జరిగిన పరిశోధనలే.

ఎండలో ఏముంది

సూర్యుడి నుంచి నేలకు చేరే శక్తిలో దాదాపు సగం పరారుణ కిరణాలు. మిగతాదాంట్లో ఎక్కువ భాగం కంటికి కనిపించే వెలుగు. అతినీలలోహితం వాటా ఐదు శాతం చుట్టూ ఉంటుంది. ఆ ఐదు శాతంలో మళ్లీ రెండు రకాలు. తరంగదైర్ఘ్యం 315 నుంచి 400 నానోమీటర్ల దాకా ఉన్నది యూవీ-ఏ, 280 నుంచి 315 దాకా ఉన్నది యూవీ-బి. నేలకు చేరే అతినీలలోహితంలో 95 శాతం దాకా యూవీ-ఏనే. చర్మంలో విటమిన్ డి తయారు చేసేది మాత్రం మిగిలిన ఆ కాస్త యూవీ-బి. చర్మం కమలడానికి ప్రధాన కారణం కూడా అదే.

యూవీ-బి చాలా సుకుమారి. పైనున్న ఓజోన్ పొర దాన్ని చాలావరకు పీల్చేస్తుంది. కిరణం ఎంత ఏటవాలుగా వస్తే అంత మందం గాలి పొరను దాటాలి. ఏప్రిల్ చివర్లో తిరుపతిలో ఉదయం 7 గంటలకు సూర్యుడు దిగంతం నుంచి 15 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. నడినెత్తిన ఉన్నప్పటితో పోలిస్తే అప్పటి కిరణం నాలుగింతల దూరం గాలిలో ప్రయాణించి వస్తుంది. వెలుగు చేరుతుంది, గోరువెచ్చదనం చేరుతుంది, యూవీ-బి దారిలోనే ఆగిపోతుంది. కిటికీ అద్దం కూడా దాన్ని ఆపేస్తుంది, యూవీ-ఏను మాత్రం చాలావరకు రానిస్తుంది. కారు అద్దం వైపున్న చెయ్యి నల్లబడుతుంది, విటమిన్ డి మాత్రం రాదు.

వేడి నడిచే తీరు వేరు. గాలిని ఎండ నేరుగా పెద్దగా వేడెక్కించదు. ముందు నేల కాగాలి, నేల నుంచి గాలి కాగాలి. అందుకే సూర్యుడు నడినెత్తిన ఉండేది 12 దాటిన కొద్ది నిమిషాలకైతే, థర్మామీటరు పైకెక్కేది మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో. ఈ ఆలస్యం రోజులోనే కాదు, ఏడాదిలోనూ కనిపిస్తుంది. తిరుపతి నెత్తిన సూర్యుడు నిటారుగా నిలిచేది ఏప్రిల్ చివరి వారంలో. రోళ్లు పగులుతాయని పేరుపడిన రోహిణి కార్తె వచ్చేది మే నెలాఖరుకు.

నీడే గడియారం

తిరుపతి ఉత్తర అక్షాంశం 13.6 డిగ్రీలు. చిత్తూరుది 13.2. కర్కట రేఖకు దక్షిణాన ఉన్న మన దేశపు ఊళ్లన్నింటిలాగే ఇక్కడా సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. మొదటిది ఏప్రిల్ చివరి వారం, రెండోది ఆగస్టు మధ్య. ఆ రోజు మధ్యాహ్నం నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. ఈ రెండు తేదీల మధ్య మిట్టమధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరం వైపుకు జరిగి ఉంటాడు కాబట్టి నీడ దక్షిణానికి పడుతుంది. జూన్‌లో 12 గంటలకు మిద్దె మీద ఒకసారి నిలబడి చూస్తే తెలుస్తుంది. మిగతా కాలమంతా ఉత్తరానికి పడే నీడ, ఆ రోజుల్లో ఎదురు దిక్కుకు తిరిగి ఉంటుంది.

ఇందులో ఆరోగ్యానికి పనికొచ్చే సూత్రం ఒకటుంది. నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉంటే సూర్యుడు 45 డిగ్రీల కంటే పైన ఉన్నట్టు. యూవీ-బి ధారాళంగా దిగేది అప్పుడే. నీడ మనకంటే పొడుగ్గా ఉంటే విటమిన్ డి మీద పెద్దగా ఆశ పెట్టుకోనక్కర్లేదు.

తిరుపతికి ఈ లెక్క కడితే, ఏప్రిల్ చివర్లో ఉదయం 9 దాటినప్పటి నుంచి మధ్యాహ్నం 3.15 దాకా నీడ పొట్టిగా ఉంటుంది. డిసెంబరు మూడో వారంలో ఉదయం 10.25 నుంచి మధ్యాహ్నం రెండింటి లోపు. అంటే ఏడాదిలో అతి చిన్న పగలు ఉన్న రోజున కూడా ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు 53 డిగ్రీల ఎత్తుకు వస్తాడు. ఐదడుగుల మనిషి నీడ నాలుగడుగుల లోపే పడుతుంది. లండన్‌లోనో, కెనడాలోనో చలికాలం నెలల తరబడి చర్మంలో విటమిన్ డి తయారవ్వదు. ఆ బాధ తిరుపతికి ఒక్క నెల కూడా లేదు. అక్కడి పుస్తకాల్లో రాసిన సలహాలను ఇక్కడికి ఉన్నవి ఉన్నట్టు తెచ్చుకోవడంలోనే సగం అయోమయం ఉంది.

తిరుపతిలోనే జరిగిన ప్రయోగం

చర్మంలో 7-డీహైడ్రోకొలెస్ట్రాల్ అనే పదార్థం ఉంటుంది. యూవీ-బి తగిలినప్పుడు అది ప్రీ-విటమిన్‌గా మారి, ఒంటి వెచ్చదనానికి నెమ్మదిగా విటమిన్ డి3 అవుతుంది. ఆ తర్వాత కాలేయంలో ఒక మార్పు, మూత్రపిండాల్లో ఇంకో మార్పు జరిగాకే అది పనిలోకి దిగుతుంది. ల్యాబ్‌లో కొలిచేది కాలేయం దాటిన రూపాన్ని.

ఈ మొదటి మెట్టును తిరుపతి ఎండలోనే పరీక్షించారు. ఇక్కడి స్విమ్స్ ఆసుపత్రిలో ఎండోక్రైనాలజీ (హార్మోన్ల వైద్యం) ప్రొఫెసరుగా పనిచేసిన డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం, విటమిన్ డి పరిశోధనల్లో ప్రపంచానికి తెలిసిన మైకేల్ హోలిక్‌తో కలిసి 2013లో ఆ ఫలితాలు ప్రచురించింది. చర్మంలో ఉండే ఆ పదార్థాన్నే ఆంప్యూళ్లలో నింపి, గంట గంటకూ ఎండలో పెట్టి, ఎంత మారిందో కొలిచారు. మార్పు ఎక్కువగా జరిగింది ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 లోపు. వేసవిలోనే కాదు, ఏడాది పొడుగునా అంతే.

రథసప్తమినాడు జిల్లేడాకులు నెత్తిన పెట్టుకుని చేసే సూర్యోదయ స్నానానికైనా, పార్కులో ఆరున్నర వాకింగ్‌కైనా ఈ ఫలితం కాస్త ఇబ్బందికరమే. వాటివల్ల లాభం లేదని కాదు, అది వేరే లాభం. దాని సంగతి కిందికి వస్తుంది. విటమిన్ డి కోసమని చెప్పుకుని తెల్లవారుజామున నడిస్తే ఆ పని జరగదు, అంతవరకే.

ఎక్కువసేపు కూర్చుంటే ఎక్కువ వస్తుందనీ అనుకోవద్దు. కొంతసేపటి తర్వాత అదే ఎండ, తయారైన ప్రీ-విటమిన్‌ను పనికిరాని వేరే రూపాల్లోకి మార్చడం మొదలుపెడుతుంది. ఎండ వల్ల విటమిన్ డి విషం కాకపోవడానికి ఈ ఏర్పాటే కారణం. చర్మం రంగు బట్టి ఆ కొంతసేపు ఎంతో మారుతుంది. మెలనిన్ అనే రంగు పదార్థం కూడా యూవీ-బినే పీల్చుకుంటుంది కాబట్టి, తెల్లవాళ్లకు పది నిమిషాలు సరిపోయే చోట మన రంగు వాళ్లకు అంతకు కొన్ని రెట్లు పట్టొచ్చు. ముఖం, అరచేతులు మాత్రమే బయట ఉంటే ఎంతసేపున్నా ఒంటి మొత్తంలో తగిలేది కొంచెమే. తిరుపతి రోడ్ల మీద స్కూటీ నడిపే అమ్మాయిల్లో చున్నీ ముఖానికి చుట్టి, మోచేతుల దాకా గ్లవ్స్ తొడిగినవాళ్లు ఎంతోమంది. నల్లబడతామన్న భయం వాళ్లది. ఎండలో గంట ప్రయాణం చేసినా వాళ్ల ఒంటికి చేరే యూవీ-బి దాదాపు సున్నా.

పొలంలో ఉండేవారికి ఎందుకు తక్కువ?

ఆఫీసుల్లో ఉండేవారికి తక్కువంటే అర్థం ఉంది. అదే బృందం 2007లో ప్రచురించిన ఇంకో అధ్యయనం తిరుపతి చుట్టుపక్కల పట్టణవాసుల్నీ పల్లెవాసుల్నీ పోల్చింది. పల్లెల్లో ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా చొక్కా లేకుండా పొలంలో పనిచేసే మగవాళ్లు అందులో ఉన్నారు. మిల్లీలీటరు రక్తంలో 20 నానోగ్రాముల కంటే తక్కువ ఉంటే లోపం అనుకుంటే, పట్టణ మగవాళ్లలో 62 శాతానికి, పల్లె మగవాళ్లలో 44 శాతానికి లోపం తేలింది. ఆడవాళ్లలో పట్టణంలో 75 శాతం, పల్లెలో 70 శాతం.

ఎండ తేడా చూపించింది. కానీ పూర్తిగా కాపాడలేదు. పల్లె ఆడవాళ్లు పొలంలోనే ఉన్నా చీర, పైన చొక్కా, తలకు గుడ్డ ఉంటాయి కాబట్టి వారి అంకె పట్టణానికి దగ్గరగా ఉండటం అర్థమవుతుంది. మగవాళ్ల 44 శాతం సంగతేమిటి?

ఆ అధ్యయనం తిండి వైపు కూడా చూసింది. రెండు చోట్లా కాల్షియం తక్కువ, ధాన్యాల పొట్టులో ఉండే ఫైటేట్ ఎక్కువ. ఫైటేట్ కాల్షియంను పేగుల్లోనే పట్టి ఉంచుతుంది. రక్తంలో కాల్షియం కొద్దిగా తగ్గగానే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్ వదులుతాయి. ఆ హార్మోన్ విటమిన్ డిని చురుకైన రూపంలోకి మార్చి పేగుల మీదికి పంపుతుంది. చురుకైన రూపం పెరిగేకొద్దీ నిల్వ ఉన్న రూపం విరిగిపోయే వేగమూ పెరుగుతుంది. ఒక చేత్తో సంపాదిస్తుంటే ఇంకో చేత్తో ఖర్చయిపోయినట్టు. కాల్షియం తగినంత తినేవారికి అదే ఎండతో వచ్చిన విటమిన్ డి ఎక్కువ రోజులు నిలుస్తుంది.

చిత్తూరు సీమలో ఇది ఆలోచించాల్సిన విషయం. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మిల్లులో తెల్లగా పట్టిన బియ్యంలో పది మిల్లీగ్రాముల చుట్టూ. పెద్దవాళ్లకు రోజుకు 1,000 మిల్లీగ్రాములు కావాలని 2020లో ఐసీఎంఆర్ చెప్పింది. మూడు పూటలా సంకటో అంబలో తిన్న ఇంట్లో కాల్షియం గురించి ఎవరూ లెక్క చూడాల్సిన పని ఉండేది కాదు. మూడు పూటలా అన్నం, ఇడ్లీ, దోసె అయ్యాక ఆ లోటు పాలు, పెరుగు పూడ్చాలి. రాగిలోనూ ఫైటేట్ ఉంటుంది నిజమే. పిండిని రాత్రి నానబెట్టి పులియనిచ్చి కాచే అంబలిలో, మొలకెత్తించి పట్టిన పిండిలో అది కొంత తగ్గుతుంది. పాతకాలపు పద్ధతి అని పొగడటానికి కాదు, ఇది మామూలు రసాయనశాస్త్రం.

మాత్ర వేసుకుంటే సరిపోదా?

లోపం నిజంగా ఉన్నవారికి, ఎముకలు మెత్తబడిన పిల్లలకు, పెద్దవాళ్లకు మాత్ర పనిచేస్తుంది, అందులో అనుమానం లేదు. వారానికొకటి 60 వేల యూనిట్ల సాచెట్ మందుల షాపుల్లో అందరికీ తెలిసిందే. చిక్కు ఎక్కడంటే, ఎనిమిది వారాలకు రాసిన దాన్ని ఎనిమిది నెలలు వాడేవాళ్లున్నారు. ఎండకున్న బ్రేకు మాత్రకు లేదు. అతిగా పేరుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, కిడ్నీలో రాళ్లు దాకా వెళుతుంది.

మాత్రతో గుండెజబ్బు, క్యాన్సర్ ఆగుతాయన్న ఆశ కూడా నిలవలేదు. అమెరికాలో వయసు పైబడిన 25,871 మందిలో సగం మందికి రోజుకు 2,000 యూనిట్లు, మిగతావారికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూసిన వైటల్ అధ్యయనం 2018లో వచ్చింది. గుండెపోటు, క్యాన్సర్ రావడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆరోగ్యంగా ఉన్నవారికి ఊరికే విటమిన్ డి పరీక్ష చేయవద్దని అక్కడి ఎండోక్రైన్ సొసైటీ 2024లో సూచించింది. హెల్త్ ప్యాకేజీల్లో ఆ పరీక్ష మాత్రం కొనసాగుతూనే ఉంది.

వడదెబ్బ: దీని దారి వేరు

వాతావరణ శాఖ 42 డిగ్రీలు అని చెప్పినప్పుడు అది నీడలో, గాలి ఆడే తెల్లటి పెట్టెలో పెట్టిన థర్మామీటరు అంకె. నేరుగా ఎండలో నిలబడిన మనిషి మీద దానికి తోడు ఎండ కాక, నేల సెగ కూడా పడతాయి. మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత 40 దాటి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాలిగా ప్రకటిస్తారు. 45 తాకితే మామూలుతో పోలిక కూడా అక్కర్లేదు.

ఒంటి లోపలి వేడి 37 డిగ్రీల దగ్గర నిలబడాలి. చర్మం 35 డిగ్రీల చుట్టూ ఉంటుంది. బయటి గాలి అంతకన్నా చల్లగా ఉన్నంతవరకు ఒళ్లు తన వేడిని గాలికి ఇచ్చేస్తుంది. గాలి 40 అయ్యాక ఆ దారి మూసుకుపోవడమే కాదు, తిరగబడుతుంది. గాలే ఒంటికి వేడి ఇస్తుంది. ఇక మిగిలింది చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. ఆవిరవ్వకుండా కారిపోతే పోయేది నీళ్లూ ఉప్పే. అందుకే గాలిలో తేమ ఉన్న రోజున 38 డిగ్రీలు, పొడి గాలిలోని 42 కంటే ప్రమాదం కావచ్చు. ఊరిని బట్టి కూడా ఈ లెక్క మారుతుంది. చిత్తూరు పట్టణం తిరుపతి కంటే వంద మీటర్లకు పైగా ఎత్తులో, సముద్రానికి ఇంకాస్త దూరంగా ఉంది. తిరుపతి శేషాచలం కొండల అడుగున ఉంది. పగలంతా కాగిన రాయి రాత్రి కూడా సెగ వదులుతుంటుంది.

చర్మానికి రక్తం ఎక్కువగా పంపాలి కాబట్టి గుండె వేగం పెరుగుతుంది. నీళ్లు తగ్గేకొద్దీ రక్తం చిక్కబడి ఆ పని మరింత కష్టమవుతుంది. లోపలి వేడి 40 డిగ్రీలు దాటి, మనిషి తికమకగా మాట్లాడటం, తూలడం, స్పృహ తప్పడం మొదలైతే అది వడదెబ్బ. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అన్నది పాత నమ్మకం. కాయకష్టం చేస్తూ పడిపోయినవారి ఒళ్లు చెమటతో తడిసి కూడా ఉండొచ్చు. పారాసిటమాల్ ఇక్కడ పనిచేయదు. జ్వరంలో మెదడే వేడిని పెంచమంటుంది, మందు ఆ ఆజ్ఞను తగ్గిస్తుంది. వడదెబ్బలో ఆ ఆజ్ఞే లేదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి, విసురుతూ ఉండటం, 108కి ఫోన్ చేయడం. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదనే మాటకు మాత్రం ఒంట్లో ఏ ఆధారమూ లేదు. ఉల్లిపాయ కొరుక్కుని మజ్జిగ తాగితే కనీసం మజ్జిగైనా పనిచేస్తుంది, అందులో ఉప్పు వేసి ఉంటే.

2015 మే వడగాలులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఇలాంటప్పుడు ముందుగా దెబ్బతినేది వయసు మళ్లినవారు, బయట పనిచేసేవారు. చిత్తూరు జిల్లాలో జూన్, జూలైలో తోతాపురి మామిడి కోతలు. కాయ కోసేవారు, కాయలు కొనే ర్యాంపుల దగ్గర లోడు ఎత్తేవారు, పల్ప్ ఫ్యాక్టరీ గేటు బయట ట్రాక్టర్ల వరుసలో గంటల తరబడి కాచుకునే రైతులు. బయటికి రావద్దన్న మెసేజ్ వాళ్ల ఫోన్లకూ వస్తుంది. కాయ మాత్రం ఆగదు. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు కూలీల్లో మళ్లీ మళ్లీ ఒళ్లు ఎండిపోవడానికీ, కిడ్నీలు దెబ్బతినడానికీ సంబంధం బయటపడ్డాక, నీళ్లు, నీడ, మధ్యమధ్య విశ్రాంతి అనే మూడు ఏర్పాట్లు పని వేళల్లోనే చేశారు. కిడ్నీల మీద ఒత్తిడి తగ్గినట్టు కనిపించింది. మన మండీల్లో నీడకు వేసే తాటాకు పందిరి, కుండ నీళ్లు ఆ లెక్కన వైద్యమే. ఇక్కడ లోపించేది మూడోది, విశ్రాంతి. కూలి గంటకో, టన్నుకో కట్టిన చోట విశ్రాంతి అంటే డబ్బు పోవడమే.

గుండు, చెప్పుల్లేని కాలు

తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉంది. కింద తిరుపతి కంటే నాలుగైదు డిగ్రీలు చల్లన. ఆ చల్లదనం మోసం చేస్తుంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే అతినీలలోహితం పది శాతం దాకా పెరుగుతుంది. అంటే కొండ మీద వేడి తక్కువ, యూవీ కింద కంటే ఏడు శాతం దాకా ఎక్కువ. ఒంటికి మంట తెలియదు కాబట్టి జాగ్రత్త కూడా ఉండదు.

దానికి తోడు కల్యాణకట్ట. ఏళ్ల తరబడి జుట్టు కింద దాగిన చర్మం అప్పటికప్పుడు బయటపడుతుంది. ముఖం, మెడ ఎండకు అలవాటుపడి మెలనిన్‌ను పెంచుకున్నట్టు నెత్తి చర్మం పెంచుకోలేదు. పైగా నడినెత్తిన సూర్యుడున్నప్పుడు ఎండ నిలువుగా పడేది ఆ చోటే. ఏడాది బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించి, మధ్యాహ్నం మాడవీధిలో తిప్పితే సాయంత్రానికి నెత్తి ఎర్రబడి, బిడ్డ ఎందుకు ఏడుస్తుందో తెలియక పెద్దవాళ్లు టెన్షన్ పడతారు. గుండుకు పూసే గంధం చల్లగా అనిపించేది అందులోని నీళ్లు ఆవిరవడం వల్ల. మందంగా ఉన్నంతసేపు కొంత అడ్డుకుంటుంది కూడా. ఎండి పెచ్చులుగా రాలాక అడ్డేమీ లేదు. సన్‌స్క్రీన్ బదులు దాన్ని నమ్ముకోలేం. ఒక కాటన్ టోపీ, తువ్వాలు ఇంతకన్నా మెరుగు.

కాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. 44 డిగ్రీల వస్తువును చర్మం గంటల తరబడి భరిస్తుంది. 60 డిగ్రీలైతే ఐదారు సెకన్లలో లోతుగా కాలుతుంది. మే మధ్యాహ్నపు బండ ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది, ఒక్కోసారి పైదానికి దగ్గరగా. మాడవీధుల్లో టీటీడీ వేసవిలో తెల్లటి చలువ పెయింట్ వేసి, తివాచీలు పరిచి, నీళ్లు చల్లుతుంది. తెలుపు ఎండలోని వెలుగును తిప్పికొడుతుంది కాబట్టి నేల తక్కువ కాగుతుంది. మామూలు మనిషి కాలు చురుక్కుమనగానే పరుగెత్తి చాప ఎక్కుతాడు. షుగర్ ఏళ్ల తరబడి ఉండి, అరికాలి నరాలు మొద్దుబారిన వారికి ఆ చురుకే తెలియదు. బసకు వెళ్లి కాళ్లు కడుక్కునేటప్పుడు బొబ్బ కనిపిస్తుంది. షుగర్ పేషెంట్లకు ఆ బొబ్బ మానడానికి నెలలు పట్టొచ్చు, కొన్నిసార్లు వేలు తీసేయాల్సి రావొచ్చు. వారు వేసవిలో ప్రదక్షిణలు తెల్లవారుజామునో, పొద్దు వాలాకో పెట్టుకోవడం మేలు. రాత్రి అరికాలు అద్దంలో చూసుకోవాలి.

నల్లబడటం, కళ్లు

నల్లబడటాన్ని జబ్బుగా చూడటం మనకు అలవాటు. అది చర్మం గొడుగు వేసుకోవడం. మన రంగు వారిలో ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్ తక్కువ. మన దేశంలో మొత్తం క్యాన్సర్లలో చర్మానివి ఒక శాతం చుట్టూనే ఉంటాయి. సోషల్ మీడియాలో ఆస్ట్రేలియా లెక్కలు చూసి భయపడనక్కర్లేదు. ఇక్కడి వారిని ఎక్కువగా బాధపెట్టేది మంగు మచ్చలు. వాటిని పెంచడంలో యూవీతో పాటు మామూలు వెలుగు పాత్ర కూడా ఉంది కాబట్టి, రంగు కలిపిన సన్‌స్క్రీన్‌లు వాటికి మెరుగ్గా పనిచేస్తాయి. సీసా మీది ఎస్‌పీఎఫ్ అంకె యూవీ-బి సంగతి చెబుతుంది. యూవీ-ఏ సంగతి పీఏ పక్కనున్న ప్లస్ గుర్తులు చెబుతాయి.

కళ్లకు మెలనిన్ గొడుగు అంతగా లేదు. ఏళ్ల తరబడి ఎండలో, దుమ్ములో పనిచేసేవారికి తెల్లగుడ్డు మీద కండ పెరగడం, శుక్లాలు ముందే రావడం ఎక్కువ. టోపీ అంచు, తలపాగా చివర కళ్ల మీద నీడ పడేలా ఉంటే ఉపయోగం. యూవీని ఆపని చవక నల్లద్దాలు మాత్రం తిరగబడతాయి. చీకటికి కనుపాప విప్పారి, ఇంకా ఎక్కువ యూవీ లోపలికి పోతుంది.

లేత ఎండ చేసే పని

ఇప్పుడు ఆరున్నర వాకింగ్ సంగతి. కంటి వెనుక పొరలో చూపుతో పెద్దగా సంబంధం లేని కొన్ని కణాలు ఉన్నాయి. నీలి వెలుగుకు అవి స్పందించి మెదడులోని గడియారానికి తెల్లారిందని చెబుతాయి. మెలటోనిన్ తగ్గుతుంది, రాత్రి ఏ వేళకు నిద్ర రావాలో అప్పుడే ఖరారవుతుంది. ట్యూబ్‌లైటు గదిలో వెలుగు 300 నుంచి 500 లక్స్. పొద్దెక్కాక బయట నీడలో కూడా పది వేలు దాటొచ్చు, మధ్యాహ్నం నేరుగా ఎండలో లక్షకు దగ్గర. కాబట్టి ఈ పనికి ఎండ చర్మం మీద పడాల్సిన అవసరమే లేదు, వేప చెట్టు కింద నిలబడినా చాలు.

పిల్లల చూపుకు కూడా ఈ వెలుగు కావాలి. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు అదనంగా బడి బయట గడిపే ఏర్పాటు చేశారు. మూడేళ్ల తర్వాత వారిలో 30.4 శాతానికి దూరపు చూపు మందగించింది, మామూలుగా చదువుకున్న పిల్లల్లో 39.5 శాతానికి. 2015లో వచ్చిన ఫలితమిది. తెల్లారకముందే స్టడీ అవర్, పగలంతా క్లాసులు, రాత్రి మళ్లీ స్టడీ అవర్ అని నడిచే రెసిడెన్షియల్ కాలేజీలు తిరుపతిలో తక్కువేం లేవు. కళ్లద్దాల షాపులూ తక్కువేం లేవు.

తిరుపతికి సరిపడే వేళ

వేడి, యూవీ-బి వేర్వేరు లెక్కల్లో నడుస్తాయి కాబట్టి రెండింటి మధ్య సందు దొరుకుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మధ్యాహ్నం ఎండ మంట పుట్టించదు, నీడ మాత్రం పొట్టిగానే ఉంటుంది. 11 నుంచి ఒంటిగంట లోపు మోచేతులు, పిక్కలు బయటపెట్టి వారానికి మూడు నాలుగు రోజులు, ఒళ్లు చురుక్కుమనకముందే నీడకు వచ్చేలా 20, 30 నిమిషాలు కూర్చోవడం ఆరోగ్యవంతులకు సాధ్యమే. ఏప్రిల్, మేలో అదే పనిని తొమ్మిదీ పది మధ్య తక్కువ సేపట్లో ముగించొచ్చు, నేల ఇంకా కాగి ఉండదు కాబట్టి. రక్తంలో ఉండే విటమిన్ డి రెండు మూడు వారాల్లో సగానికి తగ్గుతుంది, అందువల్ల ఒక్క చలికాలం ఎండ ఏడాదంతా రాదు. ఎండకు చర్మం స్పందించేలా చేసే మందులు వాడేవారు, ఉదాహరణకు డాక్సీసైక్లిన్, బీపీకి ఇచ్చే, మూత్రం ఎక్కువ పోయేలా చేసే కొన్ని మాత్రలు, ముందు డాక్టర్ని అడగాలి.

ఆగస్టు మధ్యలో సూర్యుడు రెండోసారి నడినెత్తికి వచ్చేసరికి ఇక్కడ మబ్బులు కమ్మి ఉంటాయి. థర్మామీటరు 35 దగ్గర ఉంటుంది, వడగాలుల మెసేజ్‌లు ఆగిపోయి ఉంటాయి. ఆ మెసేజ్‌లన్నీ వేడిని చూసి వచ్చేవే. పల్చటి మబ్బు యూవీలో 90 శాతం దాకా కిందికి వదులుతుంది. మబ్బు విడిపోయిన ఏ పది నిమిషాలైనా ఆ రోజు యూవీ సూచీ, అంటే యూవీ ఎంత తీవ్రంగా ఉందో చెప్పే అంకె, ఏప్రిల్‌లో లాగే 11 దాటొచ్చు. తిరుమలలో కొత్తగా గుండు చేయించుకున్న వాళ్లకు ఏప్రిల్ ఎంతో ఆగస్టూ అంతే.